పందెపు కారులో చమురు చల్లబడే దారి

ఇంజనులో చమురు ఎందుకు పోస్తారని అడిగితే, లోహపు భాగాలు ఒకదానితో ఒకటి రాసుకొని అరిగిపోకుండా ఉండడానికని ఏ విద్యార్థియైనా చెబుతాడు. ఆ సమాధానం నిజమే కాని, సగమే. చమురు చేసే పని మరొకటి ఉన్నది. పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడిలో కొంత భాగం పిస్టను అడుగుకు చేరుతుంది. క్రాంక్‌షాఫ్టు బేరింగులలో రాపిడివలన మరికొంత వేడి పుడుతుంది. రేడియేటరులోని నీరుగాని, సిలిండరు రెక్కలమీదుగా వీచే గాలిగాని ఈ చోట్లకు పోలేవు. చమురు ఒక్కటే పోగలదు. అది అక్కడి వేడిని తనలోకి తీసికొని బయటికి మోసుకొని వస్తుంది. అంటే చమురు ఇంజనుకు కందెన మాత్రమే కాదు, వేడిని మోసే కూలీ కూడా.

మామూలు రోడ్డుమీద పోయే కారులో ఈ రెండవ పని అంతగా కనబడదు. అక్కడ ఇంజను తన పూర్తి శక్తితో పనిచేసే సందర్భాలు అరుదు. కాని అదే కారును పందెపు బాటమీద అరగంటసేపు ఆపకుండా తోలితే, చమురు 130, 140 డిగ్రీల సెంటీగ్రేడుదాకా వేడెక్కవచ్చు. అప్పుడు పెద్ద ఆయిల్ కూలరు ఒకటి తగిలిస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. అది అంత సులువు కాదని జర్మనీకి చెందిన పోర్షె సంస్థ చరిత్ర తెలుపుతున్నది. ఈ సంస్థ 1948 నుండి 1998 వరకు, అనగా అర్ధశతాబ్దం పాటు, గాలితో చల్లబడే ఇంజనులున్న స్పోర్ట్స్ కార్లను తయారుచేసింది. ఆ కాలంలో ఆయిల్ కూలరు కారు వెనుకనుండి ముందుకు, ఒక మూలనుండి నడిమధ్యకు ప్రయాణం చేసింది. ఆ ప్రయాణం ఎందుకు జరిగిందో తెలిసికొంటే, ఈనాడు కూలరును ఎన్నుకొనే పద్ధతి దానంతటదే బోధపడుతుంది.

వేడెక్కిన చమురుకు వచ్చే చిక్కు

తెలుగువారికి ఆముదం కొత్త కాదు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల మెట్టచేలలో పండే ఆముదపు గింజనుండి తీసిన ఈ నూనెను ఒకప్పుడు పందెపు కార్ల ఇంజనులలోను, మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాల ఇంజనులలోను పోసేవారు. కాస్ట్రాల్ అనే చమురు పేరు 1909లో ఆముదానికున్న ఇంగ్లీషు పేరు నుండే పుట్టింది. చల్లగా ఉన్నప్పుడు ఆముదం చిక్కగా, నెమ్మదిగా జారుతుంది. కాచిన ఆముదం నీళ్లవలె పారుతుంది. ద్రవానికి గల ఈ చిక్కదనాన్నే శాస్త్రంలో స్నిగ్ధత అంటారు. సైకిల్ షాపులో దొరికే చిన్న ఉక్కు గుండును ఆముదం నిండిన పరీక్షనాళికలో వేసి, అడుగుకు చేరడానికి ఎంత కాలం పడుతుందో చూడవచ్చు. నాళికను వేడినీటిలో కాసేపు ఉంచి మళ్లీ చూస్తే, ఆ కాలం ఎంత తగ్గుతుందో తరగతిలోనే తేలుతుంది.

ఈ మార్పు యంత్రానికి ఎందుకు ముఖ్యమో 19వ శతాబ్దపు చివరి భాగంలో తెలిసింది. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులమీద ప్రయోగాలు చేశాడు. బేరింగు పైభాగంలో చమురు పోయడానికి ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరుగుతూ ఉండగా ఆ రంధ్రంలోనుండి చమురు లోపలికి పోవడానికి బదులు పైకి ఉబికి వచ్చింది. దానిని బిరడాతో మూస్తే, బిరడా కూడా బయటికి నెట్టుకొని వచ్చింది. అక్కడ చమురు గొప్ప పీడనంలో ఉన్నదని దీనివలన తెలిసింది. 1886లో ఆస్బార్న్ రెనాల్డ్స్ దీనికి గణితరూపంలో కారణం చెప్పాడు. తిరిగే ఇరుసు చమురును ఇరుకైన సందులోకి లాగుకొని పోతుంది. ఆ సందులో చమురు పీడనం పెరిగి, ఇరుసును లోహానికి తగలకుండా పైకెత్తి ఉంచుతుంది. ఈ చమురు పొర మందం మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. ఇరుసు వేగం, చమురు స్నిగ్ధత ఎక్కువైతే పొర నిలుస్తుంది. స్నిగ్ధత తగ్గితే పొర పలచబడుతుంది.

ఈనాటి ఇంజను చమురు ఒకదానిని ఉదాహరణగా తీసికొందాము. 40 డిగ్రీలవద్ద దాని స్నిగ్ధత సుమారు 100 సెంటీస్టోకులు ఉంటే, 100 డిగ్రీలవద్ద అది 14కు దిగుతుంది. 130 డిగ్రీలకు చేరేసరికి ఇంచుమించు మళ్లీ సగమౌతుంది. పొర మరీ పలచబడితే లోహం లోహాన్ని తాకుతుంది. అప్పుడు బేరింగు కొద్ది క్షణాలలోనే పాడైపోవచ్చు. ఇంతేకాక, వేడి పెరిగేకొద్దీ చమురు గాలిలోని ఆక్సిజనుతో త్వరగా కలిసి చెడిపోతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఈ చర్య వేగం దాదాపు రెట్టింపౌతుందని స్థూలమైన లెక్క.

అట్లని చమురు ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అనుకోరాదు. 60 డిగ్రీలవద్ద చమురు చిక్కగా ఉండి, దానిని తోడి పంపడానికే ఇంజను శక్తి కొంత వృథా అవుతుంది. చమురులో చేరిన నీటి ఆవిరి, మండని పెట్రోలు బయటికి పోక లోపలే నిలుస్తాయి. కాబట్టి పందెపు ఇంజనులో చమురు సుమారు 90, 120 డిగ్రీల మధ్య ఉండాలి. అంటే కూలరు పని చల్లబరచడం మాత్రమే కాదు, చమురును ఈ రెండు హద్దుల మధ్య నిలపడం.

మూడవ సిలిండరు కథ

ఫెర్డినాండ్ పోర్షె 1930ల దశకంలో రూపొందించిన ఫోక్స్‌వాగన్ కారులో ఇంజను వెనుక ఉంటుంది. దానికి నీళ్ల రేడియేటరు లేదు. ఒక ఫ్యాను వీచే గాలి నాలుగు సిలిండర్లను చల్లబరుస్తుంది. ఆ ఇంజనులో సుమారు 2.5 లీటర్ల చమురు పడుతుంది. చమురు చల్లబడడానికి ఒక చిన్న కూలరును ఫ్యాను గాలి పోయే రేకు పెట్టెలోనే నిలువుగా అమర్చారు. గాలి ఎట్లాగూ అక్కడ వీస్తున్నది గనుక ఇది తేలికైన ఉపాయం. 1948లో మొదలైన పోర్షె 356 కార్ల ఇంజను కూడ ఈ వంశానికి చెందినదే.

కాని ఈ ఉపాయంలో ఒక లోపం ఉన్నది. కూలరును తాకిన గాలి వేడెక్కి, ఆ వేడితోనే కిందనున్న సిలిండర్లమీదికి పోయేది. ముఖ్యంగా మూడవ సిలిండరుకు చల్లని గాలి తక్కువగా అందేది. దాని ఎగ్జాస్టు వాల్వు ఇతర వాల్వులకంటె ముందుగా కాలిపోవడం మెకానిక్కులకు బాగా తెలిసిన విషయమైంది. చమురులోని వేడిని తీసి సిలిండరుకు అప్పగించినట్లయిందన్నమాట. 1971 నమూనాలో ఫోక్స్‌వాగన్ సంస్థ కూలరును ఆ దారినుండి పక్కకు జరిపి, దానికి వేరే రేకు గూడు కట్టి, వేడెక్కిన గాలి నేరుగా బయటికి పోయేటట్లు చేసింది. ఆకారాన్నిబట్టి దానికి కుక్కగూడు అని పేరు వచ్చింది.

వేడి నశించేది కాదు. ఒకచోటునుండి మరొకచోటికి పోతుంది, అంతే. కూలరు ఎంత వేడిని తీస్తుందో అడిగినవారు, ఆ వేడి తరువాత ఎక్కడికి పోతుందో కూడ అడగవలసి ఉంటుందని ఈ మూడవ సిలిండరు నేర్పింది.

పొడి తొట్టి

1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో పోర్షె సంస్థ 901 అనే కొత్త కారును చూపింది. నడుమ సున్న ఉన్న మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పడంతో దాని పేరు 911గా మారింది. ఇందులో ఆరు సిలిండర్లు, 1991 ఘన సెంటీమీటర్ల పరిమాణం, 130 అశ్వశక్తి గల ఇంజను ఉన్నది. ఇదికూడ గాలితో చల్లబడేదే. ఐతే చమురు విషయంలో రెండు పెద్ద మార్పులు జరిగాయి.

మొదటిది పొడి తొట్టి పద్ధతి. మామూలు ఇంజనులో చమురు కిందనున్న తొట్టిలో నిలిచి ఉంటుంది. కారు వేగంగా మలుపు తిరిగినప్పుడు ఆ చమురు ఒక పక్కకు పోతుంది. మలుపులోని త్వరణం భూమ్యాకర్షణ త్వరణంతో సమానమైతే, చమురు మట్టం 45 డిగ్రీలు వాలుతుంది. అప్పుడు పంపు నోరు చమురుకు బదులు గాలిని పీలుస్తుంది. 911లో చమురును కింద నిలవనీయకుండా ఒక పంపు వెంటనే తోడి వేరే ట్యాంకుకు పంపుతుంది. మరొక పంపు ఆ ట్యాంకునుండి చమురును బేరింగులకు పంపుతుంది. మొత్తంమీద సుమారు 9 లీటర్ల చమురు ఇందులో తిరుగుతూ ఉంటుంది. చమురు ఎక్కువగా ఉండడంచేత అది వేడెక్కడానికి పట్టే సమయంకూడ పెరిగింది.

రెండవది థర్మోస్టాటు. దీనిలో మైనం ఉంటుంది. వేడికి మైనం కరిగి వ్యాకోచించి ఒక కవాటాన్ని తోస్తుంది. చమురు చల్లగా ఉన్నంతసేపు అది కూలరుకు పోకుండా దగ్గరి దారిన తిరుగుతుంది. 80 డిగ్రీలు దాటిన తరువాతనే కూలరు దారి తెరుచుకొంటుంది. చమురును రెండు హద్దుల మధ్య నిలిపే పని ఈ చిన్న పరికరానిదే.

1972 నమూనాలో ఒక చిత్రమైన సంగతి జరిగింది. బరువు సర్దుబాటు కోసం చమురు ట్యాంకును వెనుక కుడి చక్రానికి ముందువైపుకు జరిపి, దాని మూతను కారు బయటి రేకులో పెట్టారు. అది పెట్రోలు మూతవలె ఉండడంతో, కొందరు బంకు పనివాళ్లు అందులో పెట్రోలు పోశారు. మరుసటి సంవత్సరమే ఆ ఏర్పాటును తీసివేశారు. కాగితంమీద ఎంత బాగున్నా, ఏర్పాటు దానిని వాడే మనుషులకుకూడ తగినట్లుండాలి.

కూలరు ముందుకు వచ్చింది

911 మొదటి కూలరు ఇంజనుమీదనే ఉండేది. దానికికూడ ఫ్యాను గాలిలో వాటాయే దిక్కు. శక్తి పెరిగేకొద్దీ ఈ వాటా చాలలేదు. 1969 నమూనా 911ఎస్ 170 అశ్వశక్తికి చేరినప్పుడు, కుడివైపు ముందు చక్రంపైనున్న మడ్‌గార్డు లోపల రెండవ కూలరును పెట్టారు. వెనుక ఇంజనునుండి కుడి తలుపు కిందుగా గొట్టాలు వేసి, చమురును కారు పొడవునా ముందుకు పంపి, మళ్లీ వెనుకకు తెచ్చారు. ఇంత శ్రమ ఎందుకంటే, కారు ముందుభాగంలో ఎవరూ వాడని చల్లని గాలి దొరుకుతుంది. అక్కడ తీసిన వేడి సిలిండర్లమీదికి పోదు.

ఐతే మడ్‌గార్డు మూలలోకి గాలి సూటిగా రాదు. కేవలం పందెం కోసం 1973లో తయారైన కారెరా ఆర్‌ఎస్‌ఆర్ నమూనాలో ముందు బంపరుకు నడిమధ్యన రంధ్రం చేసి కూలరును అక్కడ నిలబెట్టారు. కారు ఎదురుగాలిని ఢీకొనే చోట పీడనం అన్నిటికంటె ఎక్కువ. కూలరుకు ముందువైపు ఎక్కువ పీడనం, వెనుకవైపు తక్కువ పీడనం ఉంటేనే గాలి దానిలోనుండి పారుతుంది. ఆ సంవత్సరమే ఈ కారు అమెరికాలోని డేటోనా 24 గంటల పందెాన్ని, సిసిలీ కొండదారులలో జరిగే టార్గా ఫ్లోరియో పందెాన్ని గెలిచింది. ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా పనిచేసిన ఇంజనుకు చమురు చల్లదనం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

రోడ్డుమీద తిరిగే 911లలో ఇదే కథ నెమ్మదిగా జరిగింది. కొన్ని సంవత్సరాలు కూలరు అంటే ట్రాంబోను అనే వాద్యంవలె వంచిన ఒక గొట్టం మాత్రమే. గొట్టానికి పైవైశాల్యం తక్కువ గనుక వేడి నెమ్మదిగా పోయేది. తరువాత సన్నని రెక్కలున్న కూలర్లు వచ్చాయి. 1980ల చివరి భాగానికి, కారు నిలిచి ఉన్నప్పుడుకూడ గాలి ఆడేటట్లు విద్యుత్ ఫ్యాను చేర్చారు.

చివరకు గాలికికూడ హద్దు వచ్చింది. ఒక్కొక్క సిలిండరుకు నాలుగు వాల్వులు పెట్టినప్పుడు, వాటి మధ్యనున్న ఇరుకైన లోహానికి గాలి చాలలేదు. 1978లో పందెపు 935 నమూనాలోను, 1986లో 959లోను సిలిండరు తలలను నీటితో చల్లబరచారు. 1998లో గాలితో చల్లబడే 911ల తయారీ ముగిసింది. వాటి స్థానంలో వచ్చిన ఇంజనులో చమురు వేడిని మొదట నీరు తీసికొంటుంది. ఆ నీరు ముందునున్న రేడియేటరులో చల్లబడుతుంది.

నీటికి ఈ పనిలో సహజమైన సౌకర్యం ఉన్నది. దాని విశిష్టోష్ణం చమురుకంటె రెట్టింపు. ఉష్ణవాహకత నాలుగు రెట్లకంటె ఎక్కువ. చల్లని ఉదయాన నీరు ముందుగా వేడెక్కి చమురునుకూడ త్వరగా వేడెక్కిస్తుంది. ఐతే చమురు ఆ నీటికంటె చల్లబడలేదు. నీరే 105 డిగ్రీలకు పోతే చమురు దానికంటె పైననే ఉంటుంది.

ఒక చిన్న లెక్క

ఈ చరిత్ర తెలిసినవారు ఈనాడు కూలరును ఎట్లా ఎన్నుకోవాలి? మొదట లెక్క చూద్దాము. నిమిషానికి 30 లీటర్ల చమురు కూలరులో పారుతున్నదనుకొందాము. లీటరు చమురు బరువు సుమారు 0.85 కిలోగ్రాము. అంటే సెకనుకు 0.425 కిలోగ్రాము. చమురు విశిష్టోష్ణం డిగ్రీకి, కిలోగ్రాముకు 2 కిలోజౌళ్లు. చమురు 20 డిగ్రీలు చల్లబడాలంటే 0.425 × 2 × 20 = 17 కిలోవాట్ల వేడిని తీయాలి. ఇది స్నానానికి నీళ్లు కాచుకొనే 1 కిలోవాటు హీటర్లు పదిహేడింటితో సమానం.

ఈ వేడిని గాలికి ఇవ్వాలి. గాలి 40 డిగ్రీలు వేడెక్కుతుందనుకొంటే, దాని విశిష్టోష్ణం 1 గనుక సెకనుకు 0.425 కిలోగ్రాము, అనగా సుమారు 370 లీటర్ల గాలి కావాలి. కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. కూలరు రెక్కల అడ్డంవలన లోపలికి వచ్చే గాలి వేగం ఇందులో నాలుగవ వంతేననుకొంటే, కూలరు ముఖం సుమారు 530 చదరపు సెంటీమీటర్లుండాలి. ఇది 23 సెంటీమీటర్ల భుజంగల చదరం మాత్రమే. కూలరు పరిమాణం చిన్నదే. గాలిని దానిలోనుండి పారించడమే అసలు పని. గాలి లోపలికి వచ్చే నోరు చిన్నదిగా ఉండి, కూలరువైపు క్రమంగా వెడల్పయ్యే రేకు గొట్టం పెడితే గాలి చుట్టుపక్కలకు తప్పించుకోదు. వేడెక్కిన గాలికి బయటికి పోయే దారికూడ ఉండి తీరాలి. లేకపోతే ఎంత పెద్ద కూలరైనా గోడకు తగిలించిన పటంవంటిదే.

1701లో న్యూటన్ చెప్పిన చల్లబడే సూత్రంకూడ ఇక్కడ పనికివస్తుంది. వేడి పోయే రేటు, చమురుకు గాలికిగల ఉష్ణోగ్రతల తేడామీద ఆధారపడుతుంది. చమురు 110 డిగ్రీలున్నప్పుడు, 15 డిగ్రీల చలిదేశపు గాలిలో తేడా 95 డిగ్రీలు. మన 40 డిగ్రీల ఎండలో అది 70 డిగ్రీలే. అక్కడ చాలిన కూలరు ఇక్కడ దాదాపు నాలుగింట మూడువంతుల పనిమాత్రమే చేస్తుంది.

ఎన్నిక క్రమం

కాబట్టి మొట్టమొదట కొనవలసింది కూలరు కాదు, చమురు ఉష్ణోగ్రతను చూపే మీటరు. పందెపు బాటమీద పూర్తి వేగంతో తోలినప్పుడు చమురు 120 డిగ్రీలకు లోపలనే ఉంటే, కూలరు అవసరం లేదు. మరికొంత మాత్రమే దాటితే, నీటితో చల్లబడే కారులో కొంచెం పెద్ద చమురు-నీటి మారకపు పరికరం చాలవచ్చు. ఐతే రేడియేటరు ఆ అదనపు వేడిని మోయగలదో లేదో చూడాలి. నీరే హద్దు దాటుతున్నప్పుడు చమురు వేడినికూడ దానిమీద వేస్తే, మూడవ సిలిండరు కథ మళ్లీ జరుగుతుంది. అప్పుడు గాలితో చల్లబడే వేరే ఆయిల్ కూలరు తప్పదు. దానితో థర్మోస్టాటు ఉండి తీరాలి. గొట్టాలు సన్ననివైతే చమురు పీడనం దారిలోనే తగ్గిపోతుంది గనుక, తగినంత లావుగా, వీలైనన్ని తక్కువ వంపులతో ఉండాలి. మలుపులలో చమురు పక్కకు పోవడంవలన పీడనం పడిపోతున్నదా, వేడివలన పడిపోతున్నదా అనేదికూడ వేరుచేసి చూడాలి. మొదటిదానికి ఏ కూలరూ మందు కాదు.

కూలరును రాళ్లు తగలని చోట, గొట్టాలను చక్రాలకు, ఎగ్జాస్టుకు దూరంగా అమర్చడం అన్నిటికంటె ముఖ్యం. గొట్టం పగిలితే కొద్ది సెకన్లలోనే చమురంతా బాటమీద పడుతుంది. ఆ కారు ఇంజను పాడైపోవడం ఒక నష్టం. వెనుక వచ్చే కారు చక్రాలు ఆ చమురుమీద జారడం ప్రాణాపాయం. అందువలననే బిగింపులు, గొట్టాలు కారును బాటమీదికి తీసికొని పోయే ప్రతిసారి పరీక్షించవలసి ఉంటుంది.